జనరల్ దేశంలో రెడ్డెప్ప

పోయిన వారం భాగంలో మనం స్వర్ణ అనే ఆడమనిషిని మెట్ల మీద వదిలి వచ్చాం.

మదనపల్లెలో విత్తనాల అంగడి పైనున్న ఇరుకు గదిలో 'సరిహద్దు కథలు' అనే యూట్యూబ్ ఛానెల్ నడుస్తుంది. రాసేది గిరిబాబు, చదివేది మెహ్‌నాజ్. ఆ ఉదయం చదవడం ముగించి మెహ్‌నాజ్ తలుపు తీసేసరికి, పై మెట్టు మీద ఎవరో ఆడమనిషి గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది. తలెత్తి, "ఆ దేశంలో మనిషిని పట్టుకపోయిన కథ చెప్పింది నువ్వేనామ్మా?" అని అడిగింది. మెహ్‌నాజ్ అవునంది. "అయితే నా మొగుడు యాడుండాడో నువ్వే చెప్పాల," అంది ఆ మనిషి.

మెహ్‌నాజ్ ఉలిక్కిపడలేదు. గొంతు విని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. ఒకసారి కురబలకోట నుంచి ఒక ముసలాయన వచ్చి, ఆమె గొంతు చనిపోయిన తన కూతురి గొంతులా ఉందని చెప్పి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఈ ఛానెల్‌కు రాకముందు ఆమె బస్టాండులో ప్రకటనలు చదివేది. ఏ బస్సు ఎప్పుడో చెప్పే ఆ గొంతులో ఏముందో గానీ, తమ బస్సు వెళ్ళిపోయాక కూడా జనం ఆగి వినేవాళ్ళని చెప్పుకునేవారు. ఆ గొంతు కోసమే గిరిబాబు ఆమెను పిలిచి ఈ గదిలో మైకు ముందు కూర్చోబెట్టాడు.

మన మీద పగబట్టిన ఆ పొరుగుదేశానికి ఒక పేరుంది. కానీ ఛానెల్ చూసేవాళ్ళంతా దాన్ని జనరల్ దేశమనే అంటారు. నల్లకళ్ళద్దాల జనరల్ ఒకడు దాన్ని ఏలుతున్నాడు. అక్కడ పత్రికలు రాయవు, కోర్టులు వినవు. పొద్దున పలకరించిన మనిషి సాయంత్రానికి ఉండడు. మెహ్‌నాజ్ ఆ కథలు చదువుతుంటే, అంట్లు తోముకునే ఆడవాళ్ళు చేతులు ఆపి వినేవారు. లారీ డ్రైవర్లు ఘాట్ రోడ్లలో ఆ గొంతును తోడు పెట్టుకుని వెళ్ళేవారు.

ఆమె ఆ దేశాన్ని ఎప్పుడూ చూడలేదు. కలలో మాత్రం తరచూ వెళ్ళేది. కలలో ఆ రాజధాని ఎప్పుడూ మంచులో ఉండేది. వీధులు మదనపల్లె వీధుల్లాగే ఏటవాలుగా దిగేవి. గోడల మీద జనరల్ బొమ్మలుండేవి. వాటి కింద టమాటా బుట్టలు పెట్టుకుని ముఖాల్లేని మనుషులు నిలబడి ఉండేవారు. ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచేవారు. తిరిగి చూస్తే మంచు తప్ప ఏమీ ఉండేది కాదు. తల్లి సఫియాకు ఒకసారి చెబితే, "చూడని దేశానికి నిద్దట్లో కైకూ పోతావే?" అని నవ్వింది.

ఇప్పుడు స్వర్ణ ముఖం చూస్తే మెహ్‌నాజ్‌కు ఆ కలలోని మంచు గుర్తొచ్చింది. "లోపలికి రాక్కా," అంది.

గదిలో గోడలకు గుడ్డుపెట్టెల అట్టలు అతికించి ఉన్నాయి, బయటి చప్పుడు రాకుండా. స్వర్ణ వాటిని ఒకసారి తడిమి చూసి, చాప మీద కూర్చుంది. ఆమెది పుంగనూరుకు అవతల ఒక చిన్న పల్లె. మొగుడు రెడ్డెప్ప. రెండావులు, కొంచెం చేను.

"ఆయన ఎవురి జోలికీ పోయేటోడు కాదమ్మా. మా ఊరి పక్క కొండను క్వారీకి ఇచ్చినారు. వాళ్ళు మందు పెట్టి పేల్చినప్పుడల్లా మా ఇండ్ల గోడలు బీటలిస్తాండాయి. మీటింగు పెట్టి, ఏమన్నా అడగాలంటే అడగండి అన్నారు. అందరూ తలకాయలు వంచుకున్నారు. ఈయన లేచి అడిగినాడు. అంతే."

"ఏమడిగినాడు?"

"ఈ కొండ అమ్మింది ఎవురు, కొన్నది ఎవురు అని."

ఆ తరువాతిది స్వర్ణ చెప్పనవసరం లేకపోయింది. ఆమె మొదలుపెట్టిన ప్రతి మాటకూ తరువాతి మాట మెహ్‌నాజ్ నోట్లో ఉంది. తెల్లవారుజామున పెరట్లో ముఖం కడుక్కుంటున్న మనిషి. వాకిట్లో ఆగిన బండి. పోలీసులో కాదో బట్టల్ని బట్టి చెప్పలేని నలుగురు. ఒక మాట మాట్లాడి పంపిస్తామనడం. భార్య వెంటపడి పరుగెత్తడం. మలుపు దగ్గర బండి నెమ్మదించడం, అద్దం కొంచెం దిగడం, ఆమె చేతిలోది అందుకోవడానికి లోపలినుంచి ఒక చెయ్యి రావడం. ఇదంతా ఆమె తన గొంతుతో, వణికించాల్సిన చోట వణికించి, ఆపాల్సిన చోట ఆపి చదివిందే.

"నువ్వు కోటు అన్నావు," అంది స్వర్ణ. "పెండ్లాము కోటు పట్టుకుని పరిగెత్తిందని. అది కోటు కాదమ్మా. గళ్ళ చొక్కా. ఆయన బనీనుతో ఉండాడు కదా, చలిగా ఉంటాదని పట్టుకుని పోయినా. ఆ దేశంలో చొక్కా అంటే బాగుండదని కోటు చేసినారేమో."

మెహ్‌నాజ్ తలుపు మూసి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"బండెక్కతా ఆయన ఒక మాట అన్నాడు. 'ఆవు ఈనే దినాలు, నువ్వు యాడికీ పోవద్దు' అని. నువ్వు దాన్ని గుర్రం అన్నావు. ఆ మాట వినింది నేనొక్కదాన్నే. నేను చెప్పింది కూడా ఒక్కరికే. ఎవురూ మా గడప తొక్కని దినాల్లో పేపరాయన అని ఒకాయన వచ్చినాడు. బక్కగా ఉంటాడు. వింటా వింటా గడ్డం గీరుకుంటాడు. అంతా విని కళ్ళు తుడుసుకుని, ఈ సంగతి లోకానికి చెప్తానమ్మా అని చేతిలో చెయ్యేసి పోయినాడు."

కింద స్కూటర్ ఆగిన చప్పుడయింది. అట్టలు అతికించిన ఆ గదిలోకి ఏ చప్పుడూ అంత స్పష్టంగా రాదు. అయినా మెహ్‌నాజ్‌కు వినిపించింది. తరువాత మెట్ల మీద అడుగులు. గిరిబాబు చేతిలో టీ ఫ్లాస్కు పట్టుకుని తలుపు తోసుకు వచ్చాడు. చాప మీద మనిషిని చూశాడు. ఫ్లాస్కును బల్ల మీద పెట్టబోయి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే పట్టుకున్నాడు.

"స్వర్ణమ్మా, ఎప్పుడొచ్చినావు?" అన్నాడు.

పేరు గుర్తుంది. ఆ ఒక్క పిలుపుతో మెహ్‌నాజ్‌కు అర్థమైంది, ఆ పేపరాయన ఈయనేనని.

"సార్," అంది, "ఆ గుర్రం యాడిది?"

గిరిబాబు కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం మీదికి చెయ్యి పోయింది. స్వర్ణ చూస్తోందని తెలిసి చెయ్యి దించుకున్నాడు.

"పేపర్లో ఉన్నప్పుడు నేను ఆ క్వారీ ఆయన గురించి ఒకసారి పేరు పెట్టి రాసినా మెహ్‌నాజమ్మా. మునిచంద్రన్న గురించి. ఆ మరుసటి దినం మా ఆవిడ బడి నుంచి వస్తాంటే దోవలో ఇద్దరు ఆపి, 'సార్ ఆరోగ్యం బాగుండాదా మేడమ్' అని అడిగినారు. తిట్టలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. ఆ మాట అడిగి, నమస్కారం పెట్టి పోయినారు. ఆ పొద్దు నుంచి ఆ పేరు నా చేత్తో రాయలేకపోయినా. కానీ జనం వచ్చి చెప్పుకుంటానే ఉండారు కదా. వినేది ఎట్లా ఆపుకోను? వినింది యాడ పెట్టుకోను? జనరల్ దేశంలో పెడితే ఎవరికీ కోపం రాదు."

"ఎవురికీ కోపం రానప్పుడు చెప్పి ఏం లాభం సామీ?" అంది స్వర్ణ. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చినాయమ్మా ఆ కథ విని."

"ఏడ్చినారు. మా పక్కింటామె ఏడ్చింది. ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చి, ముక్కు చీదుకుంటా, 'ఆ దేశంలో ఆడోళ్ళ బతుకు ఎంత ఘోరమో సూడు స్వర్ణా' అని నాకే సూపించింది. అట్లా సూసినా నేను నా మొగుడి కథ. ఆయన్ని పట్టుకపోయిన దినం ఆమె నన్ను సూసి తలుపేసుకునింది. నేను వాళ్ళ వాకిట్లోనే అరస్తాండా. తలుపు తియ్యలేదు. ఇప్పుడు ఆ దేశంలోని ఆడదాని కోసం ఏడస్తాండాది."

కింద అంగడిలో ఎవరో బెండ విత్తనాల బేరం చేస్తున్నారు. ఆ మాటలు నీళ్ళలోంచి వినిపించినట్టు వినిపించాయి మెహ్‌నాజ్‌కు.

"ఇంకా ఏయే కథలు మన ఊళ్ళవి?" అని అడిగింది. "ఆ విలేకరి వేళ్ళు విరగ్గొట్టిన కథ?"

"మనదే."

"కూతురి పెళ్ళికి జనరల్ ఇంటికి పోయి అనుమతి అడగాల్సొచ్చిన ఆయన కథ?"

"గుడుపల్లె తట్టు జరిగింది."

"మరి జైల్లో పాటలు పాడే ముసలామె?"

"అది ఆ దేశందే అనుకుంటా," అన్నాడు. "ఆ జనరల్ ఉండాడమ్మా, వాడు చేసేవీ నిజమే. నేను అబద్ధం రాయలేదు. ఆడివి కొన్ని, ఈడివి కొన్ని. మొదట్లో ఏది యాడిదో నాకు బాగా తెలిసేది. ఇప్పుడు రాసేటప్పుడు నాకే తెలీడంలేదు."

మెహ్‌నాజ్‌కు కలలోని వీధులు ఎందుకు ఏటవాలుగా ఉంటాయో అప్పుడు తెలిసింది. తనకు తెలియకుండానే తన గొంతు ఆ ఊళ్ళను గుర్తుపట్టింది. తను మాత్రం ఎన్నడూ అడగలేదు. కాగితం మీద ఏముంటే అది అందంగా చదివింది.

బల్ల మీద ఒక ఆహ్వానపత్రిక పడి ఉంది. మేలిమి కాగితం, మూడు రంగుల అంచు. సరిహద్దులో మళ్ళీ కాల్పులు మొదలయ్యాక ఊరూరా సభలు జరుగుతున్నాయి. కుప్పంలో ఆదివారం సభ. జనరల్ నియంతృత్వాన్ని ఖండించే సభ. దానికి అధ్యక్షుడు క్వారీల మునిచంద్ర. ఆ కథ విని ఆయన స్వయంగా ఫోన్ చేసి, ఫోన్లోనే ఏడ్చేశాడట. ఆ కథ చెప్పిన ఆడబిడ్డకు తన చేతులతో శాలువా కప్పాలన్నాడట. వారం రోజులుగా ఆ పత్రికను మెహ్‌నాజ్ మురిపెంగా చూసుకుంటోంది.

స్వర్ణ దాన్ని చేతిలోకి తీసుకుంది. అక్షరాలు నెమ్మదిగా కూడబలుక్కుని చదివింది. పేరు దగ్గర వేలు ఆగింది.

"నీకు మైకు ఇస్తారా?" అంది.

"ఇస్తారు. ఆ కథే చెప్పమన్నారు."

"అయితే అదే చెప్పు. కొత్తగా ఏమీ కలపొద్దు. గుర్రాన్ని తీసేసి ఆవును పెట్టు. కోటు తీసేసి చొక్కా పెట్టు. ఆయన పేరు పెట్టు. ఊరి పేరు పెట్టు. నేను రెండు స్టేషన్లు తిరిగినా. యాడా రాసుకోలేదు. మీ ఆయన యాడికో పోయుంటాడు, వస్తాడులే అంటాండారు. నెల కావస్తాండాది. ఆయన పేరు గట్టిగా పలికేటోళ్ళు నేను తప్ప ఇంకెవురూ లేరమ్మా. నా గొంతు నా వాకిలి కూడా దాటదు. నీది దాటతాది."

"వద్దు," అన్నాడు గిరిబాబు. లేచి నిలబడ్డాడు. "స్వర్ణమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ పిల్లను అడగొద్దు. మెహ్‌నాజమ్మా, నేను చెప్పేది విను. అదే మాట నేనంటే తంతారు, పోతారు. నువ్వంటే కథ వేరే. సాయంత్రానికి నిన్ను ఆ దేశం మనిషిని చేసేస్తారు. జనరల్ డబ్బు పంపించినాడంటారు. ఇప్పుడు నీకు దండం పెడతాండే వాళ్ళే అంటారు."

అది ఆమెకు తెలియనిది కాదు. వీడియోల కింద జనం రాసే మాటలు ఆమె చదువుతుంది. మా చెల్లెలు, మా సింహం, నీలాంటివాళ్ళు ఇంటికొకరుండాలి అని రాసేవారు. ఆ దేశాన్ని తిట్టినంతసేపూ ఆమె అందరికీ చెల్లెలే. తిట్టడం ఆపిన మరుక్షణం ఏమవుతుందో ఆమె తనలో తను కూడా అనుకోలేదు ఇంతవరకూ.

"ఆదివారం పొద్దున పుంగనూరు బస్టాండులో ఉండక్కా," అంది స్వర్ణతో. "నేను బస్సులో వస్తా."

మునిచంద్ర కారు పంపుతానన్నాడు. మెహ్‌నాజ్ వద్దంది. గిరిబాబు కెమెరాలు తీసుకుని ముందే వెళ్ళాడు. ఆదివారం తెల్లవారాక ఆమె ఒక్కతే బస్టాండుకు నడిచింది. మంచు ఇంకా విడలేదు. నిలబడ్డ బస్సులు, చెంబుల్తో ముఖాలు కడుక్కుంటున్న కండక్టర్లు, టీ ఆవిరి, అన్నీ ఒకదానిలో ఒకటి కరిగిపోతున్నాయి. పైన స్పీకరులోంచి ఒక ఆడగొంతు నెమ్మదిగా చెప్పింది: "పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళు బస్సు..." ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్న ఆమె గొంతే. అప్పటి తను ఎవరో, ఇప్పటి తనను ఎక్కడికో సాగనంపుతున్నట్టు అనిపించింది. కిటికీ పక్కన కూర్చుంది.

పుంగనూరులో స్వర్ణ ఎక్కింది. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు. పండక్కి వెళుతున్నట్టుంది. పక్కన కూర్చుని, "ఆవు ఈనిందమ్మా," అంది. "పెయ్యదూడ. తెల్లగా ఉండాది. ఆయనకు చెప్పాల."

గంగవరం దాటాక స్వర్ణ తల మెహ్‌నాజ్ భుజం మీదికి వాలింది. ఎన్ని రోజులుగా నిద్ర లేదో, చిన్నపిల్లలా నోరు తెరిచి నిద్రపోయింది. కిటికీ అవతల రాగిచేలు, మల్బరీ తోటలు, గుండ్రాళ్ళ గుట్టలు వెనక్కి తేలిపోతున్నాయి. మెహ్‌నాజ్ కళ్ళు మూతలు పడ్డాయి. మళ్ళీ ఆ నగరం. ఈసారి టమాటా బుట్టల వెనక నిలబడ్డవాళ్ళకు ముఖాలున్నాయి. ఒక్కొక్కరూ ఆమె వంక చూస్తున్నారు. ఎవరూ ఏమీ అడగడం లేదు. ఆమె వాళ్ళ పేర్లు అడగబోతుండగా బస్సు గట్టిగా కుదిపింది. కళ్ళు తెరిస్తే కుప్పం.

మైదానం నిండిపోయి ఉంది. వేదిక వెనక పెద్ద తెర మీద 'నియంతలు నశించాలి' అని ఎర్రటి అక్షరాలు. ఒక పక్కన తగలబెట్టడానికి గడ్డితో చేసిన జనరల్, నల్లకళ్ళద్దాలతో, ఎండలో నిలబడి ఉన్నాడు. స్వర్ణ ఆడవాళ్ళ వరసల్లోకి వెళ్ళి మధ్యలో కూర్చుంది. మెహ్‌నాజ్‌ను వేదిక మీదికి తీసుకుపోయారు. కింద గిరిబాబు ఫోన్‌ను స్టాండుకు బిగించి లైవ్ పెట్టుకుని ఉన్నాడు. ఆమె వంక చూడలేదు.

మునిచంద్ర మాట్లాడుతున్నాడు. ఆమె ఊహించుకున్న మనిషి కాదు. సన్నగా, తెల్లటి బట్టల్లో, పిల్లలకు లెక్కలు చెప్పే రిటైరయిన అయ్యవారిలా ఉన్నాడు. ఆయనకు ఏ పదవీ లేదు. పదవులున్నవాళ్ళంతా వేదిక మీద ఆయన వెనక వరసలో కూర్చున్నారు.

"ఆ దేశంలో అడిగేటోడు లేడప్పా," అంటున్నాడు. గొంతు తడిగా ఉంది. "అడిగినోడు మళ్ళీ కనపడడు. ఒక రైతుబిడ్డ, పెండ్లాం బిడ్డలుండేవోడు, ఒక్క మాట అడిగినాడని తెల్లారేసరికి ఎత్తుకపోయినారంటే, వాళ్ళు మనుషులా? మనం ఏ జన్మలో పుణ్యం చేసుకున్నామో, ఈ గడ్డ మీద పుట్టినాం. ఈడ ఎవురైనా, ఎవుర్నైనా, ఏమైనా అడగొచ్చు."

ముందు వరసలో నిలబడ్డ ఒకడు చెయ్యెత్తాడు. చప్పట్లు మొదలయ్యాయి. వాడు చెయ్యి దించాక ఆగాయి. మునిచంద్ర కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. మెహ్‌నాజ్ దగ్గర నుంచి చూసింది. నిజంగా కన్నీళ్ళే. కోపంగా అరిచే మనిషయితే ఆమెకు ఇంత భయం వేసేది కాదు.

ఆయన శాలువా విప్పాడు. తండ్రి కూతురికి దుప్పటి కప్పినంత నెమ్మదిగా ఆమె భుజాల మీద కప్పాడు. కొనలు సర్దుతూ వంగి, ఆమె చెవి దగ్గర, నవ్వు ముఖం చెదరకుండా అన్నాడు:

"ఆయమ్మ నీతోనే బస్సు దిగింది కదమ్మా. తలలో పూలు పెట్టుకోనుండాది, మధ్య వరసలో. రెడ్డెప్ప బాగుండాడు. బువ్వ తింటాండాడు. ఈ పూట నువ్వు ఆ దేశం కథ ఆ దేశం కథగా చెప్తే, రేపు గూడా తింటాడు."

ఫోటోలు తీశారు. ఆయన చేతులు జోడించి తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఎవరో మెహ్‌నాజ్‌ను మైకు దగ్గరకు నడిపించారు.

ఎదురుగా జనం. ఎండ తెల్లగా పరుచుకుని, మనుషులంతా దూరంగా, మసగ్గా, నీళ్ళ కింద ఉన్నట్టున్నారు. ఒక్క స్వర్ణ మాత్రం స్పష్టంగా కనిపించింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, మొగుడి పేరు వినడానికి సిద్ధంగా కూర్చుంది.

బతికే ఉన్నాడు. ఆ మాట ఇంత మందిలో తనకొక్కదానికే తెలుసు. నెల రోజులుగా ఆ ఆడమనిషి ఎదురుచూసిన మాట తన చెవిలో పడి, అక్కడే ఆగిపోయి ఉంది. పేరు పలికితే అతనికి రేపు అన్నం ఉండదు. పలక్కపోతే ఈ కథ ఎప్పటికీ ఆ దేశానిదే. గుర్రాన్ని గుర్రంగా, కోటును కోటుగా, ఎంత బాగా చదవగలదో ఆమెకు తెలుసు. జనం ఏడుస్తారు. జనరల్‌ను తగలబెట్టి ఇళ్ళకు పోతారు. ఆమె నోరు తెరిచింది. ఏళ్ళ తరబడి అలవాటైన మొదటి మాట, 'ఆ దేశంలో', పెదవుల దాకా వచ్చింది.

దాన్ని మింగేసింది. వెనక్కి తిరిగి చూసింది. మునిచంద్ర ఆమె వంక ఆప్యాయంగా చూస్తూ తల పంకించాడు, కానియ్యమ్మా అన్నట్టు.

"అందరికీ నమస్కారం," అంది మెహ్‌నాజ్. "కథ చెప్పేదానికి ముందు ఒక మంచి మాట చెప్పాల. ఇప్పుడే మునిచంద్రన్న నా చెవిలో చెప్పినారు. పుంగనూరు పక్క పల్లెలో రెడ్డెప్ప అనే రైతు, నెల దినాలుగా కనపడకుండా పోయినాడు. ఆయన బతికే ఉండాడంట. బాగుండాడంట. వేళకు అన్నం తింటాండాడంట. ఆ సంగతి మన అన్నకు బాగా తెలుసంట."

మధ్య వరసలో స్వర్ణ లేచి నిలబడింది. పక్కనున్నవాళ్ళు ఆమె కొంగు పట్టి లాగుతున్నారు. ఆమెకు తెలియడం లేదు. ముందు వరసలో చెయ్యెత్తేవాడు చెయ్యి ఎత్తాలో వద్దో తేలక, సగంలో ఆపి వేదిక వైపు చూస్తున్నాడు. కింద గిరిబాబు వేలు ఫోన్ మీదికి పోయింది, లైవ్ ఆపే చోటికి. అక్కడే నిలిచింది. నొక్కలేదు.

మెహ్‌నాజ్ మైకును స్టాండులోంచి తీసింది. తీగ లాక్కుంటూ వేదిక మధ్యకు నడిచి, కుర్చీ ముందు ఆగింది.

"అన్నా, నేను చెప్తే ఆయమ్మ నమ్మదు. మాది కథలు చెప్పే నోరు. ఆయన యాడుండాడో, ఎప్పుడు ఇంటికి పంపిస్తారో, మీ నోటితో ఒక్కసారి చెప్పండన్నా. ఈడ ఎవురైనా అడగొచ్చు అన్నారు కదా. అడగతాండా."

మునిచంద్ర ముఖంలో నవ్వు అలాగే ఉంది. ఆయన నెమ్మదిగా లేచాడు. ఆమె చేతిలోంచి మైకు అందుకున్నాడు. మైదానమంతా ఒక్క దగ్గు కూడా లేదు. పెద్ద పెద్ద స్పీకర్లలో ముందుగా ఆయన ఊపిరి వినిపించింది.